ఇనుము కాని ఇనుపకుండ

కుమాసీ ఊళ్లో, సుఆమె పేటలో కుండలు పోతపోసే మేస్త్రి పేరు బాదు. పదో కాన్పులో పుట్టినవాణ్ని అక్కడ అలాగే పిలుస్తారు కాబట్టి ఇందులో వాళ్లమ్మ తప్పేమీ లేదు. తెలుగు చెవికి ఆ పేరు ఇంకోలా వినిపిస్తే చెవి తప్పు కూడా కాదు, ఎందుకంటే ముప్పై ఒక్క ఏళ్లుగా చేతికి చిక్కిన ఏ లోహపు ముక్కనీ ఆయన బాదనిదే వదల్లేదు. సుత్తితో ఒక్కటి తగిలించి, చెవి ఒగ్గి వినేవాడు. ఖంగున మోగి ఆ మోత సాగిందా, ఇత్తడో కంచో అన్నమాట. చచ్చు చప్పుడు చేసిందా, సీసం. దాన్ని కొలిమి ఛాయలకి కూడా రానిచ్చేవాడు కాదు, కుండలో కలిస్తే పిల్లల బుర్రలు పాడవుతాయని. అయస్కాంతానికి అతుక్కుంటే ఇనుము. అతుక్కోకుండా తెల్లగా, తేలిగ్గా ఉంటే అల్యూమినియం. అందులోనూ లారీ పిస్టన్లది ఒక జాతి, కరెంటు తీగలది ఒక జాతి. రెండూ పాళ్లు కుదిరితేనే కుండ బీటలు వారదు. ఈ చదువంతా ఆయన కొలిమి పక్కన నాలుగు కుప్పలుగా పోసిపెట్టి, వానొస్తే పైన రేకు కప్పేవాడు.

ఇంత చదువున్నవాణ్ని ఊరికే వదిలేస్తే దేశం ఏమైపోతుందోనని ఒక పరీక్షాసంఘానికి బెంగ పట్టుకుంది. లోహం కరిగించే ప్రతివాడూ లోహాల శాస్త్రంలో పరీక్ష పాసవ్వాలని, పాసైన పత్రం గోడకి వేలాడకపోతే వచ్చే నెల ఒకటో తారీకు నుంచి కొలిమి వెలిగించడానికి వీల్లేదని ఉత్తర్వు తెచ్చింది. పరీక్ష ఇంగ్లిషులో కాకుండా జనం మాట్లాడుకునే ట్వి భాషలోనే ఉంటుందని, చేతిపనివాళ్ల మీద తమకున్న అపారమైన ప్రేమకి ఇది గుర్తని అడుగున ఒక వాక్యం కూడా రాశారు. ఆ ప్రేమ ధాటికి పేటలో సగం మందికి తిండి సయించలేదు.

బాదుకి భయం వేసింది. ఎవరితోనూ అనలేదు గానీ బాగానే వేసింది. ఆయనకి యాభై ఆరేళ్లు. కొలిమి ఆరిపోతే చేతనైన పని ఇంకోటి లేదు. ఒకళ్ల కింద చేరి బొగ్గులు మోసే వయసూ దాటిపోయింది. పోతపోసే చెయ్యి ఆగిపోతే తను పేటలో ఏమవుతాడో ఆలోచించడానికి కూడా ఆయనకి ఇష్టం లేకపోయింది.

ఉత్తర్వుతో పాటు ఒక పెద్ద పటం వచ్చింది. మూలకాల ఆవర్తన పట్టికట. దాన్ని అర్థం చేసుకునే పని అడోమాకో నెత్తిన వేసుకున్నాడు. వాడు ఒకప్పుడు బాదు దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు పక్క పాకలో సొంత కొలిమి పెట్టుకున్నవాడు. పెళ్లాం పిల్లలున్న మనిషే అయినా గురువు ముందు కూచుంటే ఇప్పటికీ మోకాళ్లు దగ్గరికి ముడుచుకుంటాడు. వాడి కుండలు నూటికి పది పగిలేవి గానీ, చదివింది చదివినట్టు అప్పజెప్పడంలో వాణ్ని మించినవాడు లేడు. మధ్యాహ్నం పని ఆపిన వేళ పటాన్ని నేలమీద పరిచి, నాలుగు మూలలా నాలుగు పిస్టన్లు బరువు పెట్టాడు.

"ఇదంతా మన వంశాల లెక్కే, వోఫా," అన్నాడు. మేనమామని పిలిచినట్టే బాదుని అలా పిలుస్తాడు వాడు. "నిలువు గదుల్లో ఉన్నోళ్లంతా ఒక తల్లి వైపు వంశం. గుణాలు కలుస్తాయి. అడ్డవరసలో ఉన్నోళ్లు పక్కపక్కనే కూచుంటారు గానీ ఒకళ్ల పోలిక ఇంకొకళ్లకి రాదు."

"సరే. ఈ మొదటింట్లో ఉన్నోళ్లెవరు?"

"లిథియం, సోడియం, పొటాషియం. మెత్తటి లోహాలు. చాకుతో కోస్తే తెగుతాయి. నీళ్లలో పడితే భగ్గుమంటాయి."

"నీళ్లలో మండేదాన్ని పట్టుకుని లోహమన్న మహానుభావుడెవడ్రా? వానాకాలం ఎక్కడ దాస్తారు దాన్ని?"

"కిరసనాయిల్లో."

"బావుంది. నిప్పంటుకుంటుందని భయమేసి కిరసనాయిల్లో దాస్తారన్నమాట." బాదు పటం మీదికి వంగాడు. "వీళ్లందరి నెత్తిమీద కూచున్న ఈ పెద్దమనిషెవరు?"

"హైడ్రోజన్."

"ఏం లోహం అది?"

"లోహం కాదు వోఫా. గాలి."

"లోహాలింట్లో గాలికేం పని?"

అడోమాకో కాస్త నీళ్లు నమిలాడు. "అద్దెకుంటుందనుకో. దానికీ వీళ్లలాగే బయట ఒకటే ఎలక్ట్రాన్ ఉందంట. ఇంకెక్కడ పెట్టాలో తెలీక అక్కడ పెట్టారు."

అడుగున విడిగా పడున్న రెండు వరుసల సంగతి కూడా బాదు అడిగాడు. చోటు చాలక బయట పెట్టారని, వాటిని లోపలికి తెస్తే పటం గోడ దాటిపోతుందని అడోమాకో చెప్పాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పేటవాళ్ల బడ్డీలని కూడా సరిగ్గా ఇలాగే బయటికి నెట్టారు కాబట్టి ఆ ముక్క బాదుకి ఇట్టే అర్థమైంది.

రాగి, వెండి, బంగారం ఒకే నిలువు గదిలో ఒకదాని కింద ఒకటి కనిపించినప్పుడు మాత్రం ఆయన మొహం విప్పారింది. "ఇది గీసినోడు ఎప్పుడో కంసాలి పక్కన కూచునుంటాడు," అన్నాడు. తన అల్యూమినియం పదమూడో గదిలో కనిపించింది. దాని నెత్తిమీద సగం లోహం, సగం ఏదీ కాని బోరాన్. పక్కనే మెట్లమెట్లుగా ఒక గీత, ఆ గీత దాటితే లోహాలు కానివాళ్ల రాజ్యం. కాస్త తోస్తే అవతల పడేట్టున్న తన లోహాన్ని చూసి బాదుకి దాని మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది.

పటంతో పాటు వచ్చిన చిన్న పుస్తకంలో లోహాల గుణాలు కూడా ఉన్నాయి. మెరుస్తాయి, సాగుతాయి, కొడితే రేకులవుతాయి, కరెంటునీ వేడినీ ప్రసరింపజేస్తాయి. వేడిని ప్రసరింపజేస్తాయన్న వాక్యం పుస్తకంలో ఒక్కచోటే ఉంది. బాదు ముంజేతుల మీద పదిహేడు చోట్ల ఉంది. అయినా మూడు వారాలు కూచుని, అడోమాకో చదివి వినిపిస్తుంటే అంతా కంఠతా పట్టాడు. వేడి ఎలా ఉంటుందో తెలియనివాడు రాసిన మాటల్ని తెలిసినవాడు బట్టీ పట్టడం ఎంత కష్టమో ఆయనకే తెలియాలి.

పరీక్ష ఒక స్కూలు హాల్లో పెట్టారు. రాయడం రానివాళ్లకి నోటిపరీక్ష. పరీక్షాధికారి డాక్టర్ క్వార్టే రాజధాని అక్రా నుంచి వచ్చాడు. వైద్యం చేసే డాక్టరు కాదు, లోహాల డాక్టరు. నూట పద్దెనిమిది మూలకాల పేర్లు ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ చెప్పగలడని హాల్లో చెప్పుకున్నారు. అన్నిటికన్నా ముఖ్యంగా ఆయన మంచివాడు. మంచివాళ్లతో వచ్చే చిక్కేమిటో బాదుకి ఆ పూట తెలిసింది.

మొదట అంతా సాఫీగానే నడిచింది. మామూలు వేడిలో ద్రవంగా ఉండే లోహం? పాదరసం. అన్నిటికన్నా బాగా సాగేది? బంగారం. ఇత్తడిలో ఏమేం కలుస్తాయి? రాగి, తుత్తునాగం. డాక్టర్ క్వార్టే ప్రతి జవాబుకీ తలాడించి, చివరి ప్రశ్నకి వచ్చేసరికి గ్లాసులో నీళ్లు తాగి నవ్వాడు.

"ఇది తేలికైంది మాస్టర్. మీ పనిలోంచే తీశాం. దాదెసెన్ ఏ లోహంతో చేస్తారు? పట్టికలో దాని చోటెక్కడ?"

దాదెసెన్ అంటే బాదు పోసే కుండే. ఆ దేశంలో అది లేని వంటిల్లు లేదు. బాదుకి గుండెల మీంచి బరువు దిగిపోయింది.

"అల్యూమినియం సార్. పదమూడో వర్గం, మూడో వరస."

పరీక్షాధికారి పెన్ను ఆగింది. "తొందరపడకండి. దాదె అంటే ఏంటి?"

"ఇనుము."

"సెన్ అంటే?"

"కుండ."

"రెండూ కలిపితే?"

"దాదెసెన్."

"అదేనండీ. ఎవరూ తప్పకూడదని జవాబు ప్రశ్నలోనే పెట్టిచ్చాం. ఇనుము. ఎనిమిదో వర్గం, నాలుగో వరస." ఆయన ముందున్న జవాబుల కాగితాన్ని ఇటు తిప్పి చూపించాడు. నిజమే, అందులో ఇనుమనే ఉంది. ఇంగ్లిషులో ఎవరో ఇనుపకుండ అని రాస్తే ఇంకెవరో దాన్ని ట్విలోకి దాదెసెన్ అని మార్చి, ఇద్దరూ వంటింట్లోకి తొంగిచూడకుండానే సంతకాలు పెట్టారు.

"మా తాతల కాలంలో ఓడల్లో వచ్చినవి ఇనుపవే సార్," అన్నాడు బాదు. "తరవాత కుండ మారింది. పేరు మాత్రం ఉండిపోయింది."

"అంటే పేరు తప్పంటారా?"

"పేరు తప్పని నేనెందుకంటాను సార్."

"మరైతే జవాబు తప్పు."

హాలు మూల బల్ల మీద పరీక్షకులు మధ్యాహ్నం సూప్ తాగి ఖాళీ చేసిన కుండ ఉంది. చెవుల దగ్గర వంపు చూసి అది తను పోసినదేనని బాదు దూరం నుంచే గుర్తుపట్టాడు. వెళ్లి దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకొచ్చాడు.

"ఇది దాదెసెన్. ఇదే ఇనుమైతే మూడింతలు బరువుండేది. మీరూ ఓసారి ఎత్తి చూడండి సార్."

డాక్టర్ క్వార్టే కుండకేసి చూశాడు గానీ చేతులు ఒళ్లోంచి తియ్యలేదు. "మాస్టర్, ఎత్తి చూడ్డం ప్రాక్టికల్ కిందికి వస్తుంది. ఇప్పుడు జరిగేది థియరీ."

"ప్రాక్టికల్ ఎప్పుడు సార్?"

"ఈ ఏడాది రద్దు చేశారు. పొగకి హాలు సీలింగు నల్లబడుతుందని."

పాసవ్వడానికి యాభై మార్కులు కావాలి. బాదుకి నలభై ఎనిమిది వచ్చాయి. ఈ ప్రశ్నకి నాలుగు. డాక్టర్ క్వార్టే మంచివాడని ముందే చెప్పాను కదా, కాగితం మీద సున్నా వెయ్యకుండా ఆ గడి ఖాళీగా వదిలేశాడు. "మిగతావాళ్లవి అయ్యేదాకా బయట కూచుని ఆలోచించుకోండి. సాయంత్రం మళ్లీ అడుగుతాను. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషిని ఒక్క మాటకోసం ఫెయిల్ చెయ్యడం నాకూ ఇష్టం లేదు."

వరండాలో అడోమాకో అప్పటికే పాసై కూచున్నాడు. బాదు భార్య పొకువా కూడా ఉంది. బాదు పోసిన కుండల్ని బజార్లో అమ్మేది ఆవిడే. పరీక్ష రోజు కదాని తలకి కొత్త రుమాలు కట్టుకొచ్చింది.

"నువ్వేం చెప్పావురా?" అని బాదు అడోమాకోని అడిగాడు.

"ఇనుమన్నా."

"నీ చేత్తో పోసిన కుండని పట్టుకుని?"

"వాళ్లకి ఇనుము కావాలంటే ఇనుమే. అన్నంతమాత్రాన కుండకేం నెప్పి, వోఫా? నేనొక్కణ్నే కాదు, లోపలికెళ్లినోళ్లంతా అదే అన్నారు."

"మీకెవరికీ సిగ్గులేదు."

"వాడిమీద ఎందుకు లేస్తావయ్యా?" అంది పొకువా. "ముప్పై ఏళ్లుగా బజార్లో నేను దాదెసెన్, దాదెసెన్ అని అరుస్తుంటే నా పక్కనే కూచున్నావు. ఒక్కనాడైనా, ఏమే అది ఇనుపకుండ కాదు, సరిగ్గా అరువు అన్నావా? అప్పుడు లేని పౌరుషం ఇప్పుడెక్కడినుంచొచ్చింది? ఇన్నేళ్లూ ఊరందరితో అనిపించిన మాటే. ఆ అక్రా ఆయన ముందు ఇంకోసారి అంటే పళ్లూడిపోతాయా?"

"అది పేరు పొకువా. ఆయన అడుగుతోంది లోహం."

"కొలిమి ఆరిపోయాక రెండిట్లో ఏది వండుకు తిందాం మనం?"

ఆవిడ అన్నదాంట్లో సగం నిజమే, అందుకే బాదుకి ఎక్కువ మండింది. సాయంత్రం పిలుపొచ్చినప్పుడు లోపలికెళ్లి, బల్ల ముందు నిలబడి, కుండ ఉన్న మూలకేసి చూడకుండా, "ఇనుము సార్. ఎనిమిదో వర్గం, నాలుగో వరస," అన్నాడు.

డాక్టర్ క్వార్టే లేచి మరీ చెయ్యి కలిపాడు. "చూశారా, ప్రశాంతంగా ఆలోచిస్తే మీకే తట్టింది."

బాదుకి అవమానంగా అనిపించింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన ఎవరికీ లోహం విషయంలో అబద్ధం చెప్పలేదు. సీసం కలిపితే లాభమని తోటివాళ్లు నచ్చజెప్పినప్పుడు కూడా ఒప్పుకోలేదు. ఇంటికెళ్లే దారిలో పొకువా ఏదో చెబుతూనే ఉంది. ఆయన చెవికి ఒక్క ముక్కా ఎక్కలేదు.

నెలాఖరుకి పత్రాలొచ్చాయి. బంగారు రంగు అంచు, ఎర్ర ముద్ర, పైన పట్టిక బొమ్మ. సుఆమె పేటలో పోతమేస్త్రులందరూ వాటికి అద్దాలు కట్టించి కొలిమి పక్క గోడలకి వేలాడదీశారు. రెండు రోజులు ఒకరి పాకకి ఒకరు వెళ్లి చూసుకున్నారు. పేరు చదువుకున్నారు, ముద్ర తడుముకున్నారు. కింద సన్నటి అక్షరాల జోలికి ఎవరూ పోలేదు, పోవాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఐదో తారీకు పొద్దున ఆ సన్నటి అక్షరాలు చదివే మనిషి వచ్చింది. పేరు టివా, తనిఖీ ఆఫీసరు. ఇస్త్రీ చేసిన యూనిఫాం, చేతిలో అట్ట, అట్టమీద కాగితాల బొత్తి. మొదటి పాక బాదుది కాబట్టి అక్కడే మొదలుపెట్టింది. మనిషి మర్యాదస్తురాలే, పెద్దవాడని వంగి పలకరించి మరీ గోడమీది పత్రం ముందుకెళ్లి నిలబడింది.

"అనుమతించిన లోహం, ఇనుము," అని పైకి చదివింది. తరవాత కొలిమి వైపు తిరిగింది. మూసలో లోహం కరిగి వెండిలా మెరుస్తోంది. "ఆ మూసలో ఉన్నదేంటి పాపా?"

పాపా అని అక్కడ తండ్రి వయసువాళ్లని పిలుస్తారు. ఇనుమని ఒక్క మాట అంటే చాలు, ఆ పిల్ల రాసుకుని పక్క పాకకి వెళ్లిపోయేదేమో. బాదు నోరు తెరిచాడు కూడా. హాల్లో అంత తేలిగ్గా తిరిగిన నాలుక కొలిమి ముందు మొండికేసింది.

"అల్యూమినియం," అన్నాడు.

"పత్రంలో ఇనుమనుంది కదా."

"ఉందమ్మా."

"అయితే ఇనుమే పొయ్యాలి పాపా. వేరే లోహం కరిగిస్తే అనుమతి లేని కొలిమి కింద లెక్క."

"అమ్మా, ఇనుము కరగాలంటే పదిహేను వందల డిగ్రీలు దాటాలి. నా బొగ్గులు వెయ్యి చేరడమే గొప్ప. అల్యూమినియానికి ఏడొందలైనా అక్కర్లేదు, అందుకే ఈ పేటలో అందరం అదే పోస్తాం. ఇంకో సంగతి, ఈ మూసే ఇనుపది. ఇనుము కరిగేంత వేడి పుట్టిందనుకో, ముందు మూస కరిగి నా కాళ్లమీద పడుతుంది."

టివా అంతా ఓపిగ్గా విని తలాడించింది. "అర్థమైంది పాపా. కానీ దాదెసెన్‌కి ఇనుమని పరీక్షలో మీరే చెప్పారు. ఇదిగో, మొదట ఖాళీగా వదిలి, తరవాత పూరించారని కూడా రాసుంది. అంటే బాగా ఆలోచించే చెప్పారన్నమాట."

"ఆలోచించే చెప్పాను," అన్నాడు బాదు.

"అల్యూమినియానికి విడిగా పరీక్ష రాసుకోవచ్చు. వచ్చే ఏడాదో ఆపై ఏడాదో పెడతారు. అల్యూమినియం కుండని ట్విలో ఏమంటారో సంఘంలో ఇంకా తేల్లేదంట. మాట దొరకగానే ప్రశ్న తయారు చేస్తారు."

అడోమాకో, ఇంకో నలుగురు మేస్త్రులు పాక బయట చేరారు. ఒక్కొక్కళ్లూ తమ గోడల మీద ఏముందో గుర్తు తెచ్చుకుంటున్నట్టు మొహాలు పెట్టారు. అడోమాకో పెదాలు తడుపుకుని, "వోఫా, అందరివీ ఒకటే కదా," అన్నాడు.

కొలిమిని కాపాడుకుందామని ఆ ఒక్క అబద్ధం ఆడితే, కొలిమిని ఆర్పడానికి ఆ అబద్ధమే కాగితమై వచ్చింది. బాదుకి ఏడుపు రాలేదు, అరవాలనీ అనిపించలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. నిజం చెప్పి ఫెయిలైనా ఈ పూట జరిగేది ఇదే. కనీసం ఆ హాల్లోంచి తల ఎత్తుకుని బయటికొచ్చి ఉండేవాడు.

"మూసలో ఉన్నది పొయ్యనిస్తావా అమ్మా?" అని అడిగాడు. "ఇందులోనే గడ్డకడితే మూస కూడా పోతుంది."

టివా వాచీ చూసుకుని, తలూపి, అరుగు మీద కూచుంది. బాదు పైన తేలిన మడ్డి తీసేసి, మూసని పటకారుతో పట్టి, ఇసక అచ్చులోకి సన్నటి ధారగా వంచాడు. పోత అయ్యాక ఆయనే బొగ్గుల మీద ఇసక చల్లాడు. టివా కొలిమి నోటికి అడ్డంగా కాగితం పట్టీ అతికించి ముద్ర వేసింది, తారీకు రాసి సంతకం పెట్టింది.

లేచి బట్టలు దులుపుకుని రెండడుగులు వేసిన మనిషి మళ్లీ వెనక్కొచ్చింది. ఈసారి గొంతు తగ్గించింది.

"పాపా, ఆ కుండ చల్లారాక నాకోసం ఉంచుతారా? కొత్త దాదెసెన్ తెమ్మని మా అమ్మ ఎన్నాళ్లుగానో పోరుతోంది. ఇకమీదట దొరుకుతాయో లేదో."

బాదు ఆ పిల్ల మొహంలోకి కాసేపు చూశాడు. వెటకారం ఏమైనా ఉందేమోనని వెతికాడు. ఏమీ లేదు.

"ఇనుముది కావాలామ్మా, అల్యూమినియందా?"

"అదేం ప్రశ్న పాపా? దాదెసెన్ అంటే దాదెసెన్ కదా," అని టివా కాగితాల బొత్తిలో ఇంకో పేజీ తిప్పుకుని అడోమాకో పాకలోకి వెళ్లింది.